బల్లకు ఇవతల: పాఠం చెప్పేవారి ప్రశ్నలు

పోయిన నెల ఇదే శీర్షికలో, తరగతి గదిలో అరవై మందితో సతమతమవుతున్న ఒక ఉపాధ్యాయినికి జవాబిస్తూ, యూదుల తాల్ముద్ గ్రంథంలో ఒక పంతులుకు 25 మంది పిల్లలే అని ఏనాడో లెక్క కట్టారని రాశాను. రాసింది ఒక్క వాక్యం. దానికి వచ్చినన్ని ఉత్తరాలు డి.ఎస్.సి. గురించి రాసినప్పుడు కూడా రాలేదు. కొందరు మెచ్చుకున్నారు, ఒకాయన కోప్పడ్డారు, ఒక యువ ఉపాధ్యాయిని మాత్రం అసలైన ప్రశ్న వేశారు. ఈ నెల పేజీలో ఎక్కువ భాగం ఆమెకే. మిగిలినవారు కాస్త సర్దుకోవాలి.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది చేబ్రోలు మండలం. వారమంతా ఒక ప్రైవేటు బడిలో నాలుగో తరగతికి చెబుతాను. మేము యూదు మతం పాటించే కుటుంబం. శనివారం ప్రార్థన అయ్యాక మా పిల్లలకు హీబ్రూ అక్షరాలు, ప్రార్థనలు, మా ధర్మగ్రంథం తోరాలో ఆ వారం చదవాల్సిన భాగం నేనే చెబుతాను. పద్దెనిమిది మంది వస్తారు. అయిదేళ్లవాళ్లూ ఉన్నారు, పద్నాలుగేళ్లవాళ్లూ ఉన్నారు. శనివారం మేము రాయము, ఫోను ముట్టుకోము. కాబట్టి బోర్డు మీద రాసి చూపించే వీలు లేదు. నేను హీబ్రూ నేర్చుకున్నది పెద్దల దగ్గర కొంత, వీడియోల్లో కొంత. బి.ఎడ్. ఉంది గాని ఈ చదువు చెప్పడంలో శిక్షణ లేదు. తప్పులు నేర్పుతున్నానేమోనని భయం. యెరూషలేము వెళ్లి నేర్చుకునే స్తోమత లేదు. నాలాంటివారిని ఎవరు తయారు చేస్తారు? (పేరు వద్దు, గుంటూరు జిల్లా)

జవాబు: అమ్మా, ముందు మిగతా పాఠకులకు రెండు మాటలు చెప్పనివ్వండి. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది, అక్కడి చతుర్ముఖ బ్రహ్మ గుడి అందరికీ తెలిసిందే. ఆ దగ్గరలోనే కొత్తరెడ్డిపాలెంలో 1990ల మొదట్లో వెలసిన చిన్న సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, ఉంది. బెనె ఎఫ్రాయిం అనే పేరుతో అక్కడి తెలుగు కుటుంబాలు యూదు మతం ఆచరిస్తున్నాయి. వాళ్ల మీద విదేశీ పరిశోధకులు పుస్తకమే రాశారు. బ్రాడీపేటలో ఈ సంగతి చెబితే నమ్మనివాళ్లే ఎక్కువ. విదేశీయులకు తెలిసిన పక్క ఊరు మనకు తెలియకపోవడం మన ప్రత్యేకత.

ఇక మీ ప్రశ్న. నేను యూదురాలిని కాను, నాకు హీబ్రూ రాదు. నాకు తెలిసింది పంతుళ్లకు తర్ఫీదు ఇచ్చే పని. బోయపాలెం డైట్‌లో పదవీ విరమణ దాకా చేసింది అదే. ఆ కళ్లతో చూసే మీకు జవాబు చెబుతున్నాను. మిమ్మల్ని తయారు చేసేది యెరూషలేములోని సంస్థ కాదు, మీలాంటి ఇంకొక టీచరు. ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. మీ సంప్రదాయంలో చదువు నడిచేదే ఇద్దరి మధ్య. హవ్రూతా అంటారు కదా. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో గ్రంథం. ఒకరు పైకి చదువుతారు, అర్థం చెబుతారు, రెండోవారు ఒప్పుకోరు. మళ్లీ చదువుతారు. ఇద్దరు కూర్చున్న చోట మౌనంగా ఉండరు కాబట్టి, యెషీవా అనే వాళ్ల విద్యాలయంలో గది గదంతా సంతలా హోరెత్తిపోతుంది. మన తనిఖీ అధికారి వస్తే ఆ హోరు చూసి మెమో ఇచ్చి పోతాడు.

అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఒరిత్ కెంట్ అనే పరిశోధకురాలు ఈ జంట చదువును టీచర్ల శిక్షణలో పెట్టి, వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో పట్టి పట్టి చూశారు. అక్కడ ఉన్నది ఇద్దరు కాదు, ముగ్గురు అంటారామె. మూడో భాగస్వామి గ్రంథం. ఎదుటివాళ్ల మాట వినడం, గ్రంథం మాట వినడం, తర్వాత మాత్రమే మన మాట చెప్పడం. ఎదుటివారి ఊహకు ముందు ఊతమిచ్చి ఆ తర్వాత దాన్ని నిలదీయడం. చదవడానికి తేలిక. చేసి చూడండి, మొదటి అరగంటలోనే తెలుస్తుంది, మనం పంతుళ్లం ఎదుటివాళ్ల మాట పూర్తి కాకుండానే జవాబు చెప్పేస్తామని.

ఆ జంట ఎక్కడ దొరుకుతుందంటారా? మీ సమాజంలోనే పద్నాలుగేళ్లవాళ్ల కంటే కాస్త పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే అక్కడే మొదలుపెట్టండి. లేదంటే ముంబై ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులకు ప్రార్థనలూ హీబ్రూ చెప్పడానికి పంతుళ్లు వెళ్లింది కొచ్చి నుంచి. యెరూషలేము నుంచి కాదు. అంటే మన దేశంలో ఈ చదువుకు గురువులు దేశంలోనే దొరికారు. ముంబైలో ఇప్పటికీ యూదు పిల్లలకు చెప్పే టీచర్లు ఉన్నారు, విజయవాడలో కోణార్క్ ఎక్కితే అక్కడ దిగవచ్చు. ఒక్కసారి వెళ్లి ముఖాలు చూసుకుని రండి. ఆ తర్వాత ఆదివారం రాత్రి ఫోను చాలు. గ్రంథాల కోసం ఖర్చు అక్కరలేదు; సెఫారియా అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో తోరా, తాల్ముద్, రాషి అనే పండితుడి వ్యాఖ్యానం అన్నీ ఉచితంగా ఉన్నాయి, మూలం ఒక పక్క, ఇంగ్లిషు ఒక పక్క.

స్తోమత మాట ఎత్తారు కాబట్టి ఇద్దరు స్త్రీల గురించి చెప్పాలి. సారా షెనీరర్ అని పోలండులోని క్రాకోలో బట్టలు కుట్టుకునే ఆవిడ. ఆడపిల్లలకు మత విద్య చెప్పే బడి లేదని 1917లో తన కుట్టుపని ఇంట్లోనే మొదలుపెట్టింది. ఆమె దగ్గరా శిక్షణ పత్రం లేదు. చదువు పూర్తయిన అమ్మాయిలు, ఇంకా పెళ్లికాని పిల్లలు, వేరే ఊళ్లకు టీచర్లుగా వెళ్లారు. తర్వాత టీచర్ల కోసమే ఒక విద్యాలయం వెలిసింది. బేత్ యాకోవ్ పేరుతో ఈనాడు దేశదేశాల్లో ఉన్న బడులకు అదే మొదలు.

రెండో ఆవిడంటే నాకు మరీ ఇష్టం, ఎందుకంటే ఆమెదీ ఉత్తరాల వ్యవహారమే. నెహమా లైబోవిట్జ్. 1905లో రీగాలో పుట్టి, యెరూషలేములో స్థిరపడి, జీవితమంతా టీచర్లకు బైబిలు ఎలా చెప్పాలో చెప్పింది. ఆమె దగ్గర ఒక కోర్సుకు వచ్చిన కిబ్బుట్జ్ (ఉమ్మడి వ్యవసాయ గ్రామం) స్త్రీలు తిరిగి పొలం పనులకు వెళుతూ, ఇక మా చదువు ఆగిపోతుందా అని అడిగారు. 1942లో వాళ్ల కోసం ఒక ప్రశ్నాపత్రం తయారు చేసి పోస్టు చేసింది. ఆ వారం తోరా భాగం మీద కొన్ని ప్రశ్నలు, అంతే. అవి చేతులు మారాయి. సైనికులు, గృహిణులు, పంతుళ్లు, ఎవరు జవాబు రాసి పంపినా ఎర్ర సిరాతో దిద్ది తిప్పి పంపేది. దాదాపు మూడు దశాబ్దాలు, వారం వారం. కష్టమైన ప్రశ్న పక్కన ఒక ఇంటూ గుర్తు, మరీ కష్టమైనదాని పక్కన రెండు. చివరికి ఇజ్రాయెల్ ప్రభుత్వం 1956లో అతి పెద్ద పురస్కారం ఇచ్చినా, తన పేరు పక్కన టీచరు అనే మాట తప్ప ఏదీ ఒప్పుకోలేదు; 1997లో పోయాక సమాధి రాయి మీదా అదే చెక్కారు. తరగతిలో ఆమె పద్ధతి కూడా చెప్పుకోదగ్గదే: ప్రశ్న వేసి, చేయెత్తినవాళ్లను అడగదు. అందరూ నోటుపుస్తకంలో రాయాల్సిందే. తను బల్లల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి పుస్తకం చూసి సరే, కాదు, ఇంకోసారి అని చెప్పుకుంటూ పోయేది. చేయెత్తే ముగ్గురితో తరగతి నడిపేయడం ఎంత సుఖమో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీరూ మీ జంట టీచరూ చేయాల్సింది ఇదే. ఆ వారం భాగం మీద చెరి ఒక ప్రశ్నాపత్రం రాసుకుని మార్చుకోండి. తోరా ఏడాదికి 54 భాగాలు కదా, పనికి కొదవ లేదు. ఒకటి చేసి చూపిస్తాను, మతం తెలియని నా స్థాయిలో. అబ్రాహాము సేవకుడు ఇస్సాకుకు పిల్లను వెతుకుతూ వెళ్లి, ఊరి బావి దగ్గర ఒంటెలను మోకరింపజేస్తాడు. నీళ్లు అడిగితే నాకే కాక నా ఒంటెలకూ పోస్తానన్న పిల్లే మా అబ్బాయికి తగినది అనుకుంటాడు. రిబ్కా వచ్చి పోస్తుంది. మామూలుగా చెబితే ఇది రెండు నిమిషాల కథ, మంచి అమ్మాయి అని ముగించేస్తాం. ఇప్పుడు ప్రశ్న: ఒంటెలెన్ని? పది. గ్రంథంలోనే ఉంది. దాహం మీద ఉన్న ఒంటె ఒక దమ్ములో వంద లీటర్ల దాకా తాగుతుంది. మన ఇళ్లలో బిందె పదిహేను లీటర్లనుకుందాం. ఎన్ని బిందెలు? పదేళ్ల పిల్లవాడు లెక్క వేసి అరవైకి పైనే అంటాడు, రాయకుండానే, నోటితో. అన్నిసార్లు బావికీ తొట్టికీ మధ్య ఎవరు నడిచారు? ఆ సేపంతా సేవకుడూ అతని మనుషులూ ఏం చేస్తున్నారు? ఎందుకు లేచి సాయం పట్టలేదు? (దీని పక్కన ఒక ఇంటూ గుర్తు పెట్టండి.) అతను ఆమె అందాన్నో వంశాన్నో కాక దీన్నే ఎందుకు పరీక్షగా పెట్టుకున్నాడు? (దీనికి రెండు.) మీ పల్లెలో బోరింగు దగ్గర బిందె మోసిన ఆడపిల్లలకు ఈ కథ అర్థమైనట్టు ఏ పండితుడికి అర్థమవుతుంది? ఈ ప్రశ్నలు మీ జంట టీచరుకు ముందు వేయండి. ఆమె ఎక్కడ తడబడిందో, ఎక్కడ మీరు ఊహించని జవాబు చెప్పిందో రాసి పెట్టుకోండి. శిక్షణ అంటే నా దృష్టిలో అదే, మిగతాదంతా భోజనాల ఏర్పాటు.

శనివారం రాయలేకపోవడం లోటనుకోకండి. రాత లేదంటే నోటికీ చెవికీ చేతికీ పని ఎక్కువ దొరికినట్టే. అట్టముక్కల మీద అక్షరాలు గురువారమే సిద్ధం చేసి పెట్టుకోండి, అరచేయంత పెద్దవి. మీ పిల్లలు ఎక్కడ పొరబడతారో నాకు అట్టలు చూపించిన ఒక స్నేహితురాలి వల్ల తెలిసింది. బేత్‌కూ కాఫ్‌కూ, దాలెత్‌కూ రేష్‌కూ, హేకూ ఖేత్‌కూ తికమక. బేత్‌కు కింద కుడిపక్క చిన్న తోక పొడుచుకు వస్తుంది, కాఫ్ మూల గుండ్రం. దాలెత్ భుజం కోణంగా ఉంటుంది, రేష్ భుజం వంపు తిరుగుతుంది. హేకు ఎడమ కాలు పైగీతకు అంటదు, ఖేత్‌కు అంటుతుంది. ఈ తేడాలు చూపుతో కంటే వేలితో ముందు తెలుస్తాయి. అక్షరం మీద సన్నని ఇసుక అంటించి పిల్లల కళ్లు మూసి తడమమనండి. మన మ-య, వ-ప దగ్గర ఒకటో తరగతి పిల్లలు పడే పాటే ఇది, మీకు కొత్తేమీ కాదు. అచ్చుల గుర్తులు మాత్రం తర్వాత, ఆదివారం కాగితం మీద. గుణింతం ముందు పెట్టి అక్షరం వెనక పెట్టకండి.

అయిదేళ్లవాళ్లూ పద్నాలుగేళ్లవాళ్లూ ఒకే గదిలో అన్న బాధకు రాయలసీమలో మందు ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు పల్లె బడుల కోసం కార్డులూ నిచ్చెనా పద్ధతి తయారు చేశారు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి కార్డుల మీద పెడతారు, ప్రతి పిల్లా తన మెట్టు మీద తానుంటుంది, పెద్దపిల్లలు చిన్నవాళ్లకు చెబుతారు. ఒక్క టీచరు బడులకు పుట్టిన పద్ధతి అది. దాన్ని హీబ్రూకు మార్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇదే తాల్ముద్‌లో, నేను పోయిన నెల చెప్పిన పేజీలోనే, షమూయేల్ బర్ షెయిలాత్ అనే పంతులుకు రావ్ అనే పెద్దాయన చెప్పిన మాట ఉంది: చదివేవాడు చదువుతాడు, చదవనివాణ్ని వెళ్లగొట్టకు, పక్కవాడికి తోడుగా కూర్చోనివ్వు. మన కార్పొరేట్ బడుల్లో సెక్షన్లు విడదీసేవాళ్లు గోడ మీద రాసుకోవాల్సిన మాట.

తప్పులు నేర్పుతున్నానేమోనన్న భయానికి మందు కింది జవాబులో ఉంది, చదవండి.

ప్రశ్న: లక్ష్మీపురంలో మాకు ఒక చిన్న హైస్కూలు ఉంది. లెక్కల పోస్టుకు ఇద్దరు వచ్చారు. ఒకాయన డిసెంబరుకే సిలబస్ పూర్తి చేసి రివిజన్ మొదలుపెడతానంటున్నారు, డెమో క్లాసులో రెండు తప్పులు చేశారు. ఇంకొకావిడ తప్పు చేయరు గాని ఒక్క సమీకరణం మీద పీరియడంతా గడిపారు. తల్లిదండ్రులకు మొదటాయన నచ్చారు. ఎవరిని తీసుకోమంటారు? (కరస్పాండెంట్, గుంటూరు)

జవాబు: అయ్యా, మీరు నా కోసమే రాసినట్టుంది. బాబిలోనియాలో సరిగ్గా ఈ రెండు దరఖాస్తుల మీదే ఇద్దరు పండితులు వాదించుకున్నారు. ఎక్కువ పాఠం చెప్పి తప్పులు పట్టించుకోనివాడు ఒకడు, తప్పు లేకుండా తక్కువ చెప్పేవాడు ఒకడు. రావా అనే ఆయన, మొదటివాణ్నే పెట్టుకోండి, తప్పులు వాటంతట అవే పోతాయి అన్నాడు. నెహర్దేయా ఊరివాడు రావ్ దీమీ ఒప్పుకోలేదు: తప్పు ఒకసారి లోపలికి పోయిందంటే అక్కడే ఉండిపోతుంది, రెండోవాణ్ని పెట్టుకోండి అన్నాడు. తాల్ముద్ వాదన నాకు నచ్చేది ఇందుకే, ఓడినవాడి మాట కొట్టేయరు, ఇద్దరిదీ పక్కపక్కనే ఉంచుతారు.

నేను రావ్ దీమీ పక్షం. ఆవిణ్ని తీసుకోండి. నెమ్మదిని సరిచేయవచ్చు: ఏ సమీకరణానికి ఎంతసేపో పక్కన కూర్చుని ప్రణాళిక వేయించే సీనియరు ఒకరుంటే ఒక టర్ములో దారిలో పడుతుంది. పొరపాటుగా చెప్పి గమనించని అలవాటు నలభైల్లో పోయేది కాదు. తల్లిదండ్రుల సంగతంటారా, వాళ్లకు డిసెంబరు అన్న మాట నచ్చింది, ఆయన కాదు.

చేబ్రోలు అమ్మాయికి ఇక్కడే ఒక మాట. తప్పు భయం ఉన్న టీచరు రావ్ దీమీ కోరుకున్న టీచరే. తెలిసినంతే చెప్పండి. ఉచ్చారణ మీద అనుమానం ఉన్న ప్రార్థనను ఆదివారం రికార్డు చేసి మీ జంటకు పంపండి, ఖాయమయ్యాక వచ్చే శనివారం చెప్పండి. వారం ఆలస్యమైతే పిల్లలు పాడైపోరు.

ప్రశ్న: విజయవాడలో పేరున్న బడిలో పనిచేస్తాను. ప్రతి వేసవిలో మూడు రోజుల శిక్షణ పెడతారు. హోటల్లో, ఏసీలో, స్లైడ్లు, ఆటలు, చివర సర్టిఫికెట్. జూన్‌లో తరగతికి వెళ్లాక ఒక్కటీ గుర్తుండదు. లోపం నాలోనేనా? (సోషల్ టీచరు, బెంజి సర్కిల్ దగ్గర)

జవాబు: కాదు. భోజనం బాగుంటుందని మాత్రం విన్నాను.

ఈ జబ్బు అందరికీ ఉంది. అమెరికాలోని మూడు నగరాల యూదు బడుల టీచర్లను పరిశీలించి 1994లో ఒక నివేదిక ఇచ్చారు. ఇటు బోధనలోనూ అటు యూదు విద్యలోనూ శిక్షణ ఉన్నవారు దాదాపు అయిదో వంతే. పైగా పనిలో ఉండగా దొరికే శిక్షణ ఎప్పుడో ఒకటి, అక్కడొకటి ఇక్కడొకటి, ఏ టీచరు అవసరానికీ తగినట్టు లేదు. అంటే మీ హోటలే, ఊరు మారింది. వాళ్లు చేసిన మంచి పని ఏమిటంటే, ఆ నివేదికను బీరువాలో పెట్టలేదు. 2000ల మొదట్లో కొత్త టీచర్లకు ఒక పథకం వచ్చింది. అనుభవం ఉన్న టీచరు ఒకరు కొత్తవారితో రెండేళ్లపాటు క్రమం తప్పకుండా కూర్చుంటారు, తరగతి చూస్తారు, మాట్లాడతారు. ఆ సీనియరుకు కూడా ఎలా చూడాలో, ఏం అడగాలో శిక్షణ ఉంటుంది. అసలు కిటుకు వేరే ఉంది: అక్కడ చూసింది ప్రిన్సిపాలుకు చెప్పరు. మార్కులు వేయరు. మన దగ్గర తరగతి చూడటానికి వచ్చేవాడు ఎవరైనా సరే, వెళ్లేటప్పుడు రిజిస్టరులో ఏదో ఒకటి రాసి పోతాడు. రాసేవాడి ముందు ఎవరు తమ లోపం చూపిస్తారు?

టీచర్లే టీచర్లకు చెప్పుకునే పద్ధతీ వాళ్లలో ఉండేది. 1976లో కొందరు కుర్ర ఉపాధ్యాయులు బ్రౌన్ విశ్వవిద్యాలయంలో ఒక సమావేశం పెట్టుకున్నారు. కేజ్ అనేవారు దాన్ని. ఆ తర్వాత ఏటేటా వేసవిలో ఏదో ఒక విశ్వవిద్యాలయం హాస్టళ్లు అద్దెకు తీసుకుని, పగలు ఒకరు చెబితే ఇంకొకరు వినడం, సాయంత్రం మారడం. 2009లో డబ్బు చాలక మూతపడింది, మరుసటి ఏడే మళ్లీ కొత్త పేరుతో లేచింది. మనకూ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి, ఎనభైల చివర బ్రిటిష్ సాయంతో నడిచిన ఎ.పి.పి.ఇ.పి. అనే ప్రాథమిక విద్యా పథకం కాలం నాటి టీచర్ల కేంద్రాలూ ఉండేవి. ఆ కేంద్రాల్లో మా తరం టీచర్లు పాత అట్టపెట్టెలు తెచ్చుకుని పాఠ్య సామగ్రి చేసుకున్నారు, పోట్లాడుకున్నారు, నేర్చుకున్నారు. డబ్బు ఆగగానే ఆగిపోయింది. ఆగనిది ఏదైనా ఉంటే డబ్బు అక్కరలేనిదే.

అందుకే మీకు చెప్పేది చాలా చిన్నది. మీ స్టాఫ్ రూములో ఒక్కరిని చూసుకోండి, సబ్జెక్టు ఏదైనా ఫరవాలేదు. ఖాళీ పీరియడులో ఆమె మీ తరగతి వెనక బల్ల మీద కూర్చోవాలి, మీరు ఆమె తరగతిలో. కాగితం మీద ఒక్క విషయమే గమనించాలి, అదీ మీరు అడిగినదే. ఉదాహరణకు, పీరియడులో నేను ఎవరెవరిని ప్రశ్న అడిగాను? గది పటం గీసి, అడిగిన పిల్ల దగ్గర ఒక చుక్క. గంట కొట్టాక ఆ కాగితం చూడండి. కిటికీ వరసలో ఒక్క చుక్కా లేకపోతే ఏ స్లైడూ చెప్పని సంగతి తెలుస్తుంది. యాజమాన్యానికి చెప్పకండి. చెబితే దానికొక ఫారం తయారు చేస్తారు.

ప్రశ్న: మన ఉపనిషత్తులు, గురుకులాలు వదిలేసి ఎవరివో యూదుల కథలు మాకెందుకు? మన దగ్గర లేనిదేదో అక్కడ ఉందా? (విశ్రాంత ఉద్యోగి, అరండల్‌పేట)

జవాబు: లేదండీ, మన దగ్గరా ఉంది. స్వాధ్యాయాన్నీ ప్రవచనాన్నీ ఏమరవద్దని తైత్తిరీయంలో గురువు వెళ్లిపోయే శిష్యుడికి చెబుతాడు. అంటే ఇతరులకు చెబుతూనే నువ్వూ చదువుకో అని. చదువులో పాతిక వంతు గురువు నుంచి, పాతిక తన తెలివి వల్ల, పాతిక తోటి విద్యార్థుల వల్ల, పాతిక కాలక్రమంలో వస్తుందన్న శ్లోకం మీకు నోటికి వచ్చే ఉంటుంది. తాల్ముద్‌లో రబ్బీ హనీనా, గురువుల దగ్గర చాలా నేర్చుకున్నాను, తోటివాళ్ల దగ్గర అంతకన్నా ఎక్కువ, శిష్యుల దగ్గర అందరికన్నా ఎక్కువ అన్నాడు. రెండూ దగ్గరి బంధువులే. నా ఫిర్యాదల్లా ఒకటే, వాళ్లు తమ పాత మాటను వారానికో ప్రశ్నాపత్రంగా మార్చుకున్నారు, మనం మన శ్లోకాన్ని వార్షికోత్సవం బ్యానరు మీద వేసుకున్నాం. మీకు ఖాళీ ఉంటే, కోపం కూడా ఉంది కనుక, దగ్గరలోని మునిసిపల్ బడికి వెళ్లి అక్కడి తెలుగు మాస్టారికి ఎదురుగా కూర్చుని వారం వారం ఒక పద్యం మీద వాదించండి. ఆయనకు జంట దొరుకుతుంది.

ప్రశ్న: మేము గుణదలలో ఆదివారం బడి నడుపుతాం. కొందరు పిల్లలు ఎప్పుడూ ఆలస్యం, కొందరు రానే రారు. మా పెద్దలు కొడితేనే వస్తారంటారు. బహుమతులు పెడితే ఆశ నేర్పినట్టవుతుందని నా సందేహం. (ఒక టీచరు, విజయవాడ)

జవాబు: కొట్టే సంగతి ముందు. పైన చెప్పిన రావ్, ఆ రోజుల్లోనే, కొట్టక తప్పదనుకుంటే చెప్పు వారుతో తప్ప కొట్టవద్దన్నాడు, అంటే దెబ్బ తగలకూడదని. ఈ రోజుల్లో అదీ లేదు, చట్టం ఒప్పుకోదు. మీ పెద్దలకు ఆ మాట చెప్పండి.

బహుమతికి తాల్ముద్‌లో ఒక పంతులు ఉన్నాడు, మన కృష్ణా జిల్లావాడేనేమో అనిపిస్తుంది. వానలు లేక ఒక ఊరు అల్లాడుతుంటే, అతను ప్రార్థన మొదలుపెట్టగానే గాలి వీచి వాన పడింది. నువ్వు చేసిన పుణ్యమేమిటని అడిగితే చెప్పాడు: పిల్లలకు చదువు చెబుతాను, ఉన్నవాళ్ల పిల్లలకూ లేనివాళ్ల పిల్లలకూ ఒకేలా, ఇవ్వలేనివాళ్ల దగ్గర ఏమీ తీసుకోను, నాకొక చేపల చెరువు ఉంది, చదవనని మొండికేసిన వాడికి ఆ చేపలు ఇచ్చి, బుజ్జగించి కూర్చోబెడతాను, వచ్చి చదివేదాకా.

ఇందులో లంచం ఎంత, ప్రేమ ఎంత అని నన్ను అడగకండి. గమనించాల్సింది ఇంకోటి ఉంది: చేప ఇచ్చింది మొదటి ర్యాంకు వాడికి కాదు, రానివాడికి. మన బహుమతులన్నీ ఎప్పుడూ వచ్చేవాళ్లకే పోతాయి. వచ్చే ఆదివారం రాని పిల్లవాడి ఇంటికి మీరే వెళ్లండి, చేతిలో నాలుగు అరిసెలో జామకాయలో పట్టుకుని. ఎందుకు రాలేదని అడగకండి. పోయిన వారం పాఠంలో ఒక ప్రశ్న ఎవరికీ రాలేదు, నీకు వస్తుందేమో చూడు అని ప్రశ్న చెప్పి వచ్చేయండి. ప్రశ్న కావాలంటే పది ఒంటెల లెక్క ఉంది, వాడుకోండి.